సుభద్ర ఇచ్చిన బదులు

దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ మహమ్మారి రోజుల్లో ఎవరినీ అలా పిలవకూడదంటారు గానీ, కాగితం మీద పిలిస్తే తప్పులేదు. మా ఆడపడుచు సుభద్ర ఇక లేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆమెకు పంపాలని చారు పెడుతున్నాను. పొయ్యి ఆపడం మరిచాను. గిన్నె మాడిపోయింది.

యానాంలో పుట్టిన పిల్ల కనుక చిన్ననాడే ఫ్రెంచి అబ్బింది. ఆ విద్యతోనే కెనడా వెళ్లింది. ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ చెల్లే విశ్వవిద్యాలయంలో ఫ్రెంచిలోనే చదివి, అక్కడే విద్యార్థుల కష్టసుఖాలు చూసే ఉద్యోగంలో చేరింది. ఈ ఐరిష్ ఊరు నేస్‌లో మా అబ్బాయి ఇంటికి నెల రోజులుందామని వచ్చింది. విమానాలు ఆగిపోయి, ఏడాది పైగా ఉండిపోయింది. వంటింటి బల్లే ఆమె ఆఫీసు. మనకు మధ్యాహ్నమైతే వాళ్లకు తెల్లవారేది.

"వదినా, నీ తిరగమోతకు కెనడాలో వాళ్లు తుమ్ముతున్నారు!"

"అయితే చిరంజీవ అను. ఏ భాషలో అంటావో నీ ఇష్టం."

మా మనవరాలు అమ్ములు ఆమె పక్కనే కూర్చుని బడిలో చెప్పే ఫ్రెంచి దిద్దించుకునేది. ఇక్కడే పుట్టిన పిల్ల. నేను తెలుగులో ఏమడిగినా, బాగానే ఉన్నానని ఇక్కడి ఇంగ్లీషులో, "ఐ యామ్ గ్రాండ్, నానమ్మా" అనేసి పోయేది.

సుభద్ర ధర్మనిష్ఠ నేను చూసింది ఒక తప్పులో. ఆ విశ్వవిద్యాలయంలో పాఠం ఇంగ్లీషులో విన్నా పరీక్ష ఫ్రెంచిలో రాయవచ్చునట. అలా రాసిన ఒక అమ్మాయి పేపరును ఫ్రెంచి రాని మాస్టారు దిద్దననేశాడు. ఆ పిల్ల భయపడి సుభద్రకు ఫ్రెంచిలో ఉత్తరం పెట్టింది. ఆ రోజు ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. సుభద్ర తొందరలో అందరికీ పంపే ఇంగ్లీషు జవాబే ఆమెకూ పంపేసింది. మర్నాడు ఒక్క ముక్క వచ్చింది: "చదువు మానేస్తున్నాను."

సుభద్ర కంచం ముందునుంచి లేచిపోయింది.

"అన్నం దగ్గర్నుంచి లేస్తారటే? నువ్వేం చేశావని?"

"ఆ మాస్టారు చేసిందే నేనూ చేశాను వదినా. భయపడి అడిగినవాళ్లకు వాళ్ల భాషలోనే బదులు చెప్పాలి."

వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది. ఫ్రెంచి వచ్చిన మరో మాస్టారి చేత పేపరు దిద్దించేదాకా ఎవరినీ నిద్రపోనివ్వలేదు. ఆ పిల్ల గట్టెక్కింది. కబురు అందగానే, "ఇప్పుడు పెట్టు వదినా, రెండు పూటలదీ తింటా" అంది.

ఆ తరువాత ఈ మహమ్మారి జబ్బే ఆమెనూ పట్టింది. ఆసుపత్రి లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. సాగనంపడానికీ గుప్పెడుమందిమే.

నిన్న ఆ పరీక్ష రాసిన అమ్మాయి ఉత్తరం మా ఇంటికి వచ్చింది, ఫ్రెంచిలో. "ఏం రాసిందే?" అని అమ్ములును అడిగాను. చదివి, ఇంగ్లీషులో మొదలెట్టి, నా ముఖం చూసి ఆగింది.

"నానమ్మా... ఆ అమ్మాయి పెట్టె సర్దేసింది. ఇంటికి వెళ్లిపోవడానికి. అప్పుడు సుభద్ర మామ్మ ఫోన్ చేసింది. మాట్లాడింది... చాలాసేపు. తర్వాత ఆ అమ్మాయి పెట్టెలో బట్టలు అన్నీ... మళ్లీ బయట పెట్టేసింది."

అమ్ములు నాతో ఒక్కసారే అంత తెలుగు మాట్లాడటం అదే మొదలు. జవాబు తనే ఫ్రెంచిలో రాస్తానని సుభద్ర కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ నిండింది గానీ సుభద్ర లోటు తీరదు. ఆమెకు నా నమస్సులు. ఇంతసేపు విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట ఎవరు బెదిరి పిలిచినా, వాళ్ల మాటలోనే పలికే గొంతు ఒకటి ఉండాలి.