రెండు వాటాల ఫాను

నా చిన్నప్పుడు మా నాన్న, బాబాయి వేరుపడ్డారు. మాది కారంపూడి పక్కన పల్లె. పెద్దమనుషులు కూర్చొని పొలం, గొడ్లు, గిన్నెలు, ఆఖరికి మజ్జిగ కవ్వాల దాకా పంచారు. సీలింగు ఫాను మాత్రం ఇంట్లో ఒక్కటే ఉంది. మా నాన్న మొండి, బాబాయి అంతకన్నా మొండి. ఎవరూ వదలకపోయేసరికి మోటారు మా నాన్నకు, రెక్కలు బాబాయికి అని తేల్చారు. ఆ తీర్పు విని నవ్విన మనిషి ఒక్కడూ లేడు.

మా నాయనమ్మ కూడా పంపకంలోకే వచ్చింది. ఒక నెల మా దగ్గర, ఒక నెల బాబాయి దగ్గర. ఆమెకు ఆయాసం. మా వైపు ఎండలు ఎట్లా ఉంటాయో చెప్పక్కర్లేదు. గాలి తగలకపోతే పడుకోలేక, ఎగపోస్తూ కూర్చునేది.

మా నాన్న మాచర్ల పోయి, ఒక్కోటి ఒక్కో ఫానుకు ఊడదీసిన మూడు పాత రెక్కలు తెచ్చి బిగించాడు. స్విచ్చి వేస్తే ఫాను దూలంతో సహా ఊగింది. దాని కింద పడుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అవతల బాబాయి తెచ్చిన పాత మోటారుకు ఆయన రెక్కల బెజ్జాలే కుదరలేదు. అట్లా ఇద్దరి ఇళ్లలోనూ ఫాను ఉంది, గాలి లేదు.

ఒకరోజు మధ్యాహ్నం నాయనమ్మ తన నులక మంచం ఈడ్చుకొచ్చి, ఇంటి రెండు వాటాలకూ ఉమ్మడిగా మిగిలిన ముందు పంచలో వేసుకుంది. ఊపిరి అందక మాట తెగుతున్నా గొంతు మాత్రం వీధి చివరికి వినపడింది.

"ఒరేయ్, మోటారు పెద్దోడిది, రెక్కలు చిన్నోడివి. మరి నేనెవరి దాన్నిరా? నన్ను కూడా నడుం కాడికి నరికి పంచుకోండి!"

"అమ్మా, లోపలికి రా. అందరూ చూస్తున్నారు," అన్నాడు నాన్న.

"చూడనీ. చానా బాగా పంచుకున్నారు గదా, చూడనీ."

కాసేపటికి బాబాయి తల వంచుకొని మూడు రెక్కలూ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. నాన్న మోటారు దింపాడు. మెకానిక్కు వచ్చి, అరిగిన బేరింగులు తీసి కొత్తవి వేసి, కండెన్సరు మార్చి, పంచ దూలానికి ఫాను ఎక్కించాడు. నాన్న నిచ్చెన పట్టుకున్నాడు, బాబాయి బోల్టులు అందించాడు. మాటలు మాత్రం మెకానిక్కు మీదుగానే నడిచాయి.

"గట్టిగా బిగించమని చెప్పు వాడికి," అన్నాడు నాన్న.

"బిగించేది నువ్వయితే నాకేంది చెప్పేది? అడుగు ఆయన్ని," అన్నాడు బాబాయి.

నిచ్చెన మీది మెకానిక్కు, "నన్ను దిగనిచ్చి తిట్టుకోండయ్యా," అని మొత్తుకున్నాడు.

ఫాను తిరిగింది. ఊగలేదు. నాయనమ్మ వెల్లకిలా పడుకొని నిద్రపోయింది. ఎన్నాళ్లకో ఆమె అట్లా పడుకోవడం చూశాను.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. అక్షరాలు పిల్లలు పుట్టాక వచ్చాయి. అయినా పంచేటప్పుడు ఎవరికెంత వచ్చిందన్నది ఒక్కటే చూస్తే చాలదని, పంచాక ఆ వస్తువు పనిచేస్తుందా లేదా అన్నదీ చూడాలని ఆ రోజే తెలిసింది. నా కొడుకులిద్దరూ వేరుపడినప్పుడు పొలం పంచాను, బోరును మాత్రం పంచనీయలేదు. ఇవాళ్టికీ వంతుల మీద నీళ్లు పెట్టుకుంటున్నారు. తిట్టుకుంటూనే పెట్టుకుంటున్నారు. రెండు చేలూ పచ్చగా ఉన్నాయి.