ఉప్పు తుడవని మాట

తెల్లారగానే ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుని, బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని రేవు దగ్గరి స్మారకరాయికి బయల్దేరేది. రాత్రంతా సముద్రపు గాలి పూసిన ఉప్పును పేరుపేరునా తుడిచేది. "ఏం నాయనా, చలేసిందా?" అంటూ పసిబిడ్డలకు మొహం కడిగినట్టే కడిగేది. అట్టడుగునున్న ఒక్క మాట మీద మాత్రం తడిగుడ్డ పడనిచ్చేది కాదు.

ఆ పేర్లన్నీ దీవిలోని శిబిరానికి వెళ్తూ సముద్రంలో కూలిపోయిన రవాణా విమానంలోని సైనికులవి. విమానమూ దొరకలేదు, మనుషులూ దొరకలేదు. ఏళ్లుగా వాళ్లకు వండిపెడుతూ, ఈ శిబిరంలోనూ వంటకని వాళ్లతో వెళ్లిన ఆవిడ భర్తా దొరకలేదు. సైనికులు ఆయన్ని "గరిటె బాబాయ్" అనేవాళ్లు. ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా అడక్కుండానే కారం తగ్గించి వేరే వండిపెట్టే చెయ్యి అది. అందరూ తిని లేస్తేగానీ తాను కూర్చునేవాడు కాదు.

అలాంటి మనిషికి రాయి మీద పేరు లేదు. సైనికుల పేర్లన్నీ చెక్కి, కింద "మరొకరు" అని చెక్కారు. ఉలి పట్టినవాడికి ఇంకో పేరు ఎంతసేపు? చెక్కించేవాళ్లకే చేతులు రాలేదు.

ఆవిడ ఆఫీసుకెళ్లి అడిగింది.

"ఆయన సైనికుడు కాదు కదమ్మా, వంటకు కుదిరిన మనిషి. రూలు ఒప్పుకోదు," అన్నాడు అధికారి.

"సముద్రం రూలు చూసి ముంచిందా బాబూ? ఆకలేసినప్పుడు బాబాయ్, పోయాక మరొకరా?"

"మీ బాధ అర్థమైందమ్మా. పైకి రాస్తాం."

"పైవాడికి నేను రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన్ని మించిన పైవాళ్లెవరు మీకు?"

మూలనున్న గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. అయినా మంచివాడు, లేచి మంచినీళ్లు తెచ్చిచ్చి గేటుదాకా సాగనంపాడు. రాత అయితే ఏ పైకీ వెళ్లలేదు.

రేవు కావలివాడు రోజూ ఆవిడ బకెట్టు నింపి మోసుకొచ్చేవాడు. ఒకనాడు ఉండబట్టలేక అన్నాడు: "మీ ఆయన పేరే లేని రాయికి ఎందుకు పిన్నీ ఈ చాకిరీ?"

"ఈ పిల్లలేం చేశార్రా? ఆయన అన్నం తిన్నవాళ్లే కదా. నా కోపం బల్ల వెనకున్న వాళ్లమీద."

ఏళ్లు గడిచి, అక్షరాలు అరిగిపోతున్నాయని ఆఫీసువాళ్లు రాతిపని మేస్త్రీని పంపారు. ఉన్నవి ఉన్నట్టు మళ్లీ లోతుగా చెక్కమని హుకుం. పేర్లన్నీ అయ్యాయి. ఉలి చివరి మాట దగ్గరికి దిగేసరికి ఆవిడ బకెట్టు కింద పెట్టి అడ్డంగా చెయ్యి చాపింది.

"మేస్త్రీ, ఒక్క ఉపకారం చెయ్యి నాయనా."

"కొత్త పేరు చెక్కమంటే నా పని పోతుందమ్మా."

"చెక్కమనను. ఈ మాట జోలికి పోకు, అంతే. దీన్ని ఉప్పుకి వదిలేసి ఇన్నేళ్లూ కాచుకున్నాను. సగం అరిగింది, నువ్వు మళ్లీ ప్రాణం పొయ్యకు. ఇక్కడ ఖాళీ కనబడితే, వచ్చినవాళ్లు ఎవరిదీ చోటని అడుగుతారు. పేరు నేను చెప్పుకుంటాను."