గెట్టురాయి పుట్టిన చోటు

మా గురువు, భూగర్భశాస్త్ర ఆచార్యురాలు సుభద్ర మేడం నల్లగొండ దవాఖానలో పరమపదించారని నిన్న పొద్దున ఫోను వస్తే, నా మనసు చాలాసేపు ఒప్పుకోలేదు. యుగాల నాటి అగ్నిశిలల ఆయుష్షు గురించి అంత చనువుగా మాట్లాడే మనిషికి ఆయుష్షు తీరడమేమిటి?

హాలియా పరిసరాల్లో పొడుచుకొచ్చిన నల్లని క్షారశిలలే ఆమె జీవితాన్వేషణ. నేతింట పుట్టిన ఆమె ఖనిజ రసాయనాన్ని మగ్గం భాషలో బోధించేవారు. "పోగు మారిస్తే చీరల తెలుస్తదా లేదా? అభ్రకం పలుకు గూడ గట్లనే. నడుమ మెగ్నీషియం ఎక్కువుండి అంచుల ఇనుము పెరిగితే, శిలాద్రవం సల్లారుకుంట మారిందన్నట్టు. ఉల్టా ఉంటే కొత్త ద్రవం వచ్చి కలిసిందన్నట్టు. అంచును అడుగుర్రి, చెప్తది."

హాలియా దగ్గరి ఒక చేనులో కొట్టి తెచ్చిన రాయిలో ఆ ఉల్టా కనిపించింది. మేడం సంబరం ఇంతా అంతా కాదు. హాలియా శిలలోకి రెండోసారి కొత్త ద్రవం చేరిందని ప్రతిపాదిస్తూ వ్యాసం రాసి పంపారు. మరిన్ని ముక్కల కోసం అదే చేనుకు వెళితే రైతు యాదయ్య ఎదురొచ్చాడు.

"మా గెట్టురాయి పలగ్గొట్టింది మీరేనా అమ్మా? పాలోళ్లు పంచాయితీ పెట్టిండ్రు!"

"గెట్టురాయా? గీడ పుట్టింది కాదా?"

"ఏడ పుట్టిందో! మా తాత బండి మీద తెచ్చి పాతిండు."

సగం పూడిన హద్దురాయిని అక్కడే పుట్టిన బండ అనుకున్నారు మేడం! మాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం యాదయ్యకు క్షమాపణ చెప్పి, పాలివాళ్ల ఎదుట రాయిని మళ్లీ నిలబెట్టించి, వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. "రాయి అబద్ధమాడలే. నేనే దాని ఊరు అడగలే" అన్నారు. ఇక ఆ ఊరు వెతకడమే ఆమె తపస్సయింది. ఎడ్లబండి పోగల బాటలన్నీ తిరిగారు. మోకాళ్లు మొరాయించినా మానలేదు. కానీ దొరకలేదు.

నిన్న సాయంత్రం మేడం ఇంటి ముందు యాదయ్య కనిపించాడు, తువ్వాలలో ఏదో మూటగట్టుకుని. చావు సంగతి తెలియకుండానే బయలుదేరాడట.

"వాగవతల బాయి తవ్వుతుంటే గసొంటి రాయే తేలింది సారూ. పాతింది గాదు, అడుగుకెల్లి బండనే. అమ్మకు చూపెడ్దామని తెచ్చిన..." మూట విప్పి చూపించాడు.

నల్లని ముక్క, నిండా అభ్రకం. అది గెట్టురాయి పుట్టినిల్లో కాదో కోసి చూస్తేగాని తేలదు. నాకు దుఃఖం ఆగలేదు. ఇంట్లో ఉంచిన ఆ విదుషీమణి భౌతికకాయం పాదాల చెంత ఉంచుదామని ముక్క అందుకున్నాను. యాదయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ పెట్టకుర్రి సారూ. తీస్కపోయి చూడుర్రి. అమ్మ ఉంటే గదే అంటుండె."

తెచ్చాను. గురువర్యా, మీరు లేని లోటు ఎవరు తీర్చగలరు? అయినా రేపు అంచును అడుగుతాం.