మంగక్క ఇంట్లో మూడు ఏసీలు, నాలుగు గదులు

మంగక్క ఏది కొనాలన్నా ముందు వీధినంతా అడుగుతుంది. గ్రైండరు కొన్నప్పుడు అడిగింది, బీరువా కొన్నప్పుడు అడిగింది. అందరి మాటా వింటుంది. అందరి మాటా నిజమే అనిపిస్తుంది. చివరికి తలనొప్పి తెచ్చుకుని, అమృతాంజనం రాసుకుని పడుకుంటుంది. ఎవరినీ అడగకుండా ఆమె ధైర్యంగా చేసే పని ఒక్కటే, బాలింతలను సాకడం.

మెడ్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళింటికీ మా ఇంటికీ ఒకటే గోడ. మంగక్క నాకు తోడికోడలు వరస. మా ఆయనా, వాళ్ళాయన బాలసుందరం బావగారూ అన్నదమ్ముల బిడ్డలు. బావగారికి ఎంసీ రోడ్డులో జాకెట్టు గుడ్డల అంగడి ఉంది. మంగక్క గూడూరు నుంచి కోడలిగా వచ్చినప్పుడు చదివింది ఐదో తరగతి. ఇప్పటికీ అంతే. కానీ నోరు మాత్రం వీధికంతా సరిపోతుంది.

ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు ఒక గది, దాని వెనక హాలు, ఆ వెనక వంటిల్లు, వంటిల్లు పక్కన చీకటి గది, మిద్దె మీద బావగారు పడుకునే గది. ఆ చీకటి గదే వాళ్ళ వంశానికంతా పురిటి గది. వాళ్ళత్త అందులోనే బాలింత. ఆడబిడ్డలూ అందులోనే. నాకు అమ్మ లేదు కాబట్టి నా పిల్లలిద్దరి పురుళ్ళకూ మంగక్కే నన్ను ఆ గదిలో పడుకోబెట్టింది. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, ఒంటికి సాంబ్రాణి పొగ వేసి, వెల్లుల్లి కారం అన్నంలో కలిపి పెట్టి, నన్ను మళ్ళీ మనిషిని చేసింది. అందుకే ఆమె గురించి ఏం చెప్పినా నాకు ఆ గదే గుర్తొస్తుంది.

ఇందరికి చేసింది కదా, ఇక ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. సొంత కూతురు నందితకు తొలి పురుడు ఆ గదిలో జరగాలి.

నందిత ఊరి చివర సిరుసేరిలో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మొగుడు ప్రదీప్‌తో నావలూరులో అపార్ట్‌మెంటులో ఉంటుంది. అతనిది తెనాలి. మే నెలలో కాన్పు అని డాక్టరు చెప్పింది. తొమ్మిదో నెల పడగానే గాజులు తొడిగి పుట్టింటికి తీసుకురావాలి. మంగక్క ఆ మాట ఎత్తగానే నందిత ఫోనులో తేల్చి చెప్పేసింది.

"ఏసీ పెడితే వస్తామ్మా. లేదంటే నేను ఈడ్నే ఉంటా. కావాలంటే నువ్వే రా."

"మీ అత్తలందరూ ఏ ఏసీలో ఉండారే? అదో ఈ విజయ ఉండ్లా?"

"ఉండింటారు. నేను మాత్రం ఉండను, సెరియా?"

మంగక్క ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "చూసినావా మే విజయా? ఊళ్ళోవాళ్ళ బిడ్డలందరికీ నీళ్ళు పోసినా. నా కూతురికి వాళ్ళత్త తెనాలి నించి వచ్చి పోస్తాదా? అట్లయితే నేనెందుకు ఈడ?"

అలా మొదలైంది ఏసీ వెతుకులాట.

కీరలు, అంటే ఆకుకూరలు అమ్మే అమ్మాసిని అడిగితే, ఏసీలో పడుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయంది. చింతాద్రిపేటలో ఉండే మా చిన్నత్త కిటికీ ఏసీయే మేలంది. కొత్తగా వచ్చే గోడ ఏసీలు పేరుకే బాగుంటాయట. ఎవరో ఇన్వర్టరు ఏసీ కొనమన్నారు. అంటే కరెంటు పోయినా తిరుగుతుందేమో అని మంగక్క సంబరపడింది. తిరగదని తెలిశాక, "మరి ఆ పేరు దేనికి పెట్టిండారు?" అని కోప్పడింది.

వీటన్నిటి కన్నా పెద్ద చిక్కు, ఏసీకి బయట పెట్టే పెట్టె. రెండు పక్కలా పక్కిళ్ళ గోడలు. ముందేమో సందు. ఎదురింటి తిరువేంగడం అన్న గడప దిగి వచ్చి మరీ చెప్పి పోయాడు.

"ఇదో చూడు మంగా, మీరు ఊటీలో ఉండండి, నాకేం లేదు. కానీ ఆ పెట్టె వేడిగాలి మా వాకిట్లోకి కొట్టిందంటే నేను సుమ్మా చూస్తా ఊరుకోను."

"నీ మొహాన కొట్టేదానికి మాకు ఏసీ ఎందుకన్నా? నా నోరు చాలదా?" అంది మంగక్క. నవ్వుకుంటూ వెళ్ళాడు. కానీ సందు వైపు పెట్టె పెట్టకూడదని మాత్రం తేలిపోయింది. మిగిలింది మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన కాస్త చోటు. అక్కడ ఒక్క పెట్టె పడుతుంది, అంతే.

అప్పుడు వచ్చాడు జెబరాజ్. ఏసీలు బిగించే తమిళాయన. సౌకార్‌పేట సేట్ల ఇళ్ళల్లో, మన వాళ్ళ ఇళ్ళల్లో పనిచేసి మన భాష వంటబట్టించుకున్నాడు. టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాడు.

"అక్కా, మీకు మల్టీ దా కరెక్టు. పైన ఒక్క బాక్సు. దానికి పైపులు వేసి ఇంట్లో మూడు రూములకు మూడు మిషన్లు."

"అంటే ఒక ట్యాంకు, మూడు కొళాయిలు. అంతేనా?"

"అదేక్కా! పట్టేసినారే!"

మంగక్క మొహం వెలిగింది. మరుక్షణమే ముడుచుకుంది. "అయితే హాల్లో తిప్పితే మిద్దె మీద సన్నగా వస్తాదా?"

జెబరాజ్ తల గోక్కున్నాడు. "సన్నగా రాదు... మూడూ ఒకేసారి ఫుల్లుగా పెడితే కొంచెం తగ్గొచ్చు. తగ్గనూ తగ్గదు. అది వేరేక్కా."

"వస్తాదంటావు, రాదంటావు. ఏందబ్బా నువ్వు?"

అతను ఫోనులో ఇంకో బొమ్మ చూపించాడు. "ఈ మోడల్ తీసుకుంటే వేడిగాలి కూడా వస్తాది."

బావగారు పేపరు దించారు. "మెడ్రాసులో వేడిని దుడ్డిచ్చి కొనేవాడు ఎవుడుండాడు సామీ?"

నేను నవ్వాను. మంగక్క నవ్వలేదు. "మీరు సుమ్మా ఉండండి. ఏం తమ్ముడూ, చీకటి గదిలో వేడి, తక్కిన రూముల్లో చల్లన, అట్ల పెట్టుకోవచ్చా?"

"కుదరదక్కా. ఒకే బాక్సు కదా. వేడంటే అందరికీ వేడి. చల్లనంటే అందరికీ చల్లనే."

మంగక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అయితే ఆ గది వదిలేయి. అల్లుడొస్తే పడుకునే వీధి గదికి ఒకటి, హాలుకొకటి, మిద్దె మీద ఆయనకొకటి."

నేనూ అక్కడే ఉన్నాను. నాకూ సబబుగానే తోచింది. బాలింత గదిలో ఎవరైనా చల్లగాలి పెడతారా? కాన్పయ్యే దాకా నందిత హాల్లో కూర్చుంటుంది. కాన్పయ్యాక ఎలాగూ చలి తగలకూడదు. ఏసీ ఉంటే వస్తానంది, ఇంట్లో ఏసీ ఉంది. ఇంకేం కావాలి?

పని పూర్తయింది. వీధిలో వాళ్ళంతా వచ్చి హాల్లో కూర్చుని, ఒకసారి "హా" అనుకుని వెళ్ళారు. ఆ ఆదివారం నందిత చూడడానికి వచ్చింది. నిండు కడుపుతో మెల్లగా హాలు దాటి, వంటిల్లు దాటి, చీకటి గది గడప మీద నిలబడి నాలుగు గోడలూ చూసింది.

"నాది ఎక్కడమ్మా?"

"ఏంది?"

"ఏసీమా, ఏసీ!"

"హాల్లో ఉండాది కదే. బాలింతకు రూములో ఏసీ ఎందుకు? చలి తగిలి జన్ని పడతాది!"

నందిత గోడకు ఆనుకుంది. "అడిగింది నేను. నాన్నకు పెట్టినావు, నీ అల్లుడికి పెట్టినావు, వచ్చేపోయేవాళ్ళకు హాల్లో పెట్టినావు. నన్ను మాత్రం కుక్కర్లో పెట్టి మూత వేస్తావా? డాక్టరు బిడ్డకు కూడా ఉక్క తగలకూడదనింది."

"డాక్టరమ్మకేం తెలుసు? ఆమె పురిట్లో ఆమెకు ఎవురు చేసినారో అడుగు."

"సెరి. నేను రాను. ప్రదీప్ వాళ్ళమ్మను రమ్మంటాడు."

చెప్పులేసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మంగక్క చేసిపెట్టిన కొబ్బరి బొబ్బట్లు అలాగే ఉండిపోయాయి. బావగారు ఒకటి తీసుకోబోయి, ఆమె మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

రెండు రోజులు మంగక్క ఎవరితోనూ మాట్లాడలేదు. వీధిలో అది పెద్ద వింత. మూడో రోజు మధ్యాహ్నం గోడ అవతల నుంచి పిలిచింది. వెళ్ళాను. చీకటి గదిలో చాప వేసుకుని పడుకుని ఉంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, తలుపు మూసి ఉంది.

"ఏమైందక్కా? జ్వరమా?"

"ఏం కాలే. బాలింత మాదిరి పడుకుని చూస్తాండా." మెడ మీద చెమట కారుతోంది. "నువ్వు ఈడ ఉన్నప్పుడు ఇట్లనే ఉక్కపోసిందా? నిజం చెప్పు."

నేను గుర్తు తెచ్చుకున్నాను. "లేదక్కా. తెల్లారేసరికి గాలి వచ్చేది. నువ్వే నా మీద ఇంకో దుప్పటి కప్పేదానివి."

"గాలా? ఏ పక్క నించి?"

"కిటికీలోంచి."

ఇద్దరం కిటికీ వైపు చూశాం. కిటికీ కనిపిస్తే కదా. దాని ముందు అప్పడాల డబ్బాలు, పాత ఇత్తడి గంగాళం, ఊరగాయ జాడీలు. ఒక్కొక్కటే దించాం. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. మంగక్క చపాతీ కర్రతో కొట్టింది. కీచుమంటూ తెరుచుకున్నాయి.

ఎదురుగా ఇటుక గోడ. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. వెనకింటి వాళ్ళు మూడంతస్తులు లేపి చాలా ఏళ్ళయింది. అప్పుడు సిమెంటు దుమ్ము పడుతోందని మూసిన కిటికీ మళ్ళీ తెరవనే లేదు. తర్వాత డబ్బాలు చేరాయి.

మంగక్క ఆ ఇటుకల మీద అరచెయ్యి ఆనించింది. కాలినట్టు వెనక్కి తీసుకుంది. "అయ్యో రామా! మా అత్త గాలొచ్చే రూములో చెవులు మూయమనింది. నేను గాలే లేని రూములో మూస్తాండా." చెవుల్లో దూది పీకేసింది. "బిడ్డ సరిగ్గానే చెప్పింది మే. ఇది కుక్కరే."

జెబరాజ్‌ను పిలిపించాం. నాలుగో మిషను పెట్టమంటే కుదరదన్నాడు. పైన పెట్టెకు మూడే దారులట. ఉన్న వాటిలో ఒకటి పీకి ఇటు మార్చాలి.

"నాది మాత్రం ముట్టుకోవద్దు. ఇప్పుడిప్పుడే నిద్ర పడతాండాది," అన్నారు బావగారు.

"హాలుది తీస్తే వీధంతా నవ్వుతారు," అంది మంగక్క. "అల్లుడిది తీస్తే... అల్లుడిదెట్ల తీస్తాం?"

మళ్ళీ వీధిని అడుగుతుందేమో అనుకున్నాను. నిజంగానే గడప దాకా వెళ్ళింది. తిరువేంగడం అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చూసి వెనక్కి వచ్చేసింది. ఫోను తీసుకుంది. చీర కొంగు భుజం నిండా కప్పుకుంది, అతను ఎదురుగా ఉన్నట్టు. ఆ ఇంట్లో అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానో, బావగారి ద్వారానో చెప్పాలి. పెళ్ళయినప్పటి నుంచి ప్రదీప్‌తో ఆమె అన్న మాటలు, "అన్నం పెట్టనా?", "ఇంకొంచెం వేసుకోండి". అంతకు మించి లేవు.

"బాబూ... నేను, నందిత వాళ్ళమ్మను."

అవతల ప్రదీప్ గాభరా పడ్డాడు. "చెప్పండి అత్తయ్యగారూ, అంతా బాగానే ఉందా?"

"బాగనే ఉండాది. కోపం చేసుకోకూడదు. మీ రూములో ఏసీ... దాన్ని బిడ్డ రూముకు మార్చుకుంటాం. మీకు మర్యాద తక్కువ చేసినట్టు కాదు. మంచి ఫ్యాను తెస్తాం."

ఫోనులో అతని నవ్వు వినిపించింది.

"అయ్యో, హాయిగా తీసేయండి! నాకసలు ఏసీ పడదండి. తుమ్ములు. ఇక్కడ నందిత పెడుతుంటే నేను రగ్గు కప్పుకుని పడుకుంటున్నాను."

మంగక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూసింది. కీరల అమ్మాసిని అడిగింది, ఎదురింటాయనను అడిగింది, చింతాద్రిపేట దాకా అడిగింది. ఎవరి గదిలో పెడుతోందో ఆ మనిషిని మాత్రం అడగలేదు. అల్లుడిని ఎలా అడుగుతారు? కూతుర్నీ ఏ గదిలో అని అడగలేదు. కూతుర్ని అడగాలని ఎవరికి తోస్తుంది?

"మరి ముందే చెప్పకూడదా బాబూ?"

"మీరు నా కోసం ఎంతో ప్రేమగా పెట్టించారని మామయ్యగారు చెప్పారు. వద్దంటే బాగోదని ఊరుకున్నానండి."

జెబరాజ్ గొణుక్కుంటూనే మిషను పీకాడు. పైపులు హాలు గోడ వెంబడి లాగాడు. దాని నీళ్ళు వంటింటి తూములో పడేలా కలిపాడు. ఇంట్లో సాంబ్రాణి వేస్తారని తెలిసి మరీ చెప్పి వెళ్ళాడు. "అక్కా, పొగ వేసేప్పుడు ఆఫ్ చేసేయండి. లేదంటే ఫిల్టరంతా నల్లగా అయిపోతాది."

గాజులు తొడిగిన మర్నాడే నందిత వచ్చేసింది. మే నెలలో ఆడపిల్లను కన్నది. ఇప్పుడు ఆ గదిలోనే ఉంది. కిటికీ దగ్గర డబ్బాలు మళ్ళీ పెట్టలేదు. నిన్న సాయంత్రం చూడడానికి వెళితే మంగక్క గడప మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో సాంబ్రాణి ధూపం, ఇంకో చేతిలో రిమోటు. నందిత చెవుల్లో దూది ఉంది. దాని గురించి మాత్రం ఇద్దరూ ఏదో ఒప్పందానికి వచ్చినట్టున్నారు.

"విజయా, ఇట్లా రా. ఇరవై ఆరు నించి ఇరవై ఎనిమిది చేస్తే చల్లన పెరిగినట్టా, తగ్గినట్టా?"

"తగ్గినట్టక్కా."

"ఎక్కువ చేస్తే తగ్గుతాదా? ఇదేం లెక్కే!" తలుపు కొంచెం తెరిచింది, పొగ బయటికి పోవాలని.

"అమ్మా, తలుపు మూయి! చల్లనంతా పోతాండాది."

"పొగ పోవద్దా?"

"పొగ ఎందుకమ్మా అసలు?"

"బిడ్డకే, దిష్టికి! నీకేం తెలుసు?" అని తలుపు సగం మూసింది. మళ్ళీ కొంచెం తీసింది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది. "ఏం మే, సగం తీసి పెడితే సరిపోతాదా?"