పెద్దమ్మ చేతులకు తెలియని కారం

మా పెద్దమ్మకు సర్పి, డాక్టర్లు షింగిల్స్ అంటారే అది, లేచి మానింది. పొక్కులు ఎండి మచ్చలయ్యాయి గానీ నొప్పి పోలేదు. ఎడమ పక్కటెముకల మీద గుడ్డ తగిలితే చాలు, ఎగిరిపడేది. రెండు నెలలుగా జాకెట్టు వేసుకోలేదు, అందుకని చర్చికీ పోలేదు. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. ఆమె లేని వారం పాట ఒకరిది ఒక దారి, ఇంకొకరిది ఇంకో దారి. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే. ఫోన్లో "బాగానే ఉన్నాలే" అని ఆమె అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నేను హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నొప్పిని మోసే నరాల కణాల పైపొర మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. నా పని దాని మీదే. అదొక తలుపు అనుకోండి. మిరపకాయ కారం తగిలినా తెరుచుకుంటుంది, బాగా వేడి నీళ్ళు తగిలినా తెరుచుకుంటుంది. తెరుచుకుంటే మంట. దాన్ని మూసే మందు దొరికితే ఎన్నో నొప్పులు తగ్గించవచ్చని చాలామంది వెతుకుతున్నారు. ఇప్పటిదాకా చూసిన మందుల్లో కొన్ని మరీ గట్టిగా మూసేశాయి. మనిషికి జ్వరం వచ్చేది, కాఫీ కాలుతున్నా తెలిసేది కాదు. ఇంకో దారి కూడా ఉంది. కారంతోనే ఆ తలుపును పదే పదే తడితే, కొన్నాళ్ళకు మొండికేసి తెరుచుకోవడం మానేస్తుంది.

గుంటూరు డాక్టరుగారు రాసింది ఈ రెండో రకమే, మిరప సారంతో చేసిన పూతమందు. శనగగింజంత, రోజుకు మూడుసార్లు, గ్లౌజులు వేసుకుని రాయమన్నారు. మొదట్లో మండుతుంది, మానొద్దు అన్నారు. పెద్దమ్మకు నవ్వాగలేదు.

"కారానికి నాకు గ్లౌజులేందండీ!"

నలభై ఏళ్ళు మిరప కోతలకూ, తొడిమలు తీయడానికీ పోయిన మనిషి మరి.

ఏప్రిల్ ఎండలో ఇల్లు చేరాం. నేను వారం సెలవు పెట్టి వచ్చాను. గ్లౌజుల ప్యాకెట్ విప్పుతుంటే ఆమె నా చేతిలోంచి ట్యూబు లాక్కుంది. కొత్త రకం కాయ ఏది చూసినా ఆమె ముందు నలిపి అరచేతికి రుద్దుకుంటుంది. మందును కూడా అలాగే రుద్దింది, ఆగింది, పెదవి విరిచింది.

"ఏవుందే ఇందులో? కారమే లేదు. ఆయన్నెవరో మోసం చేశారు."

అని సగం ట్యూబు పిండి ఎడమ పక్కటెముకలంతా పట్టించేసింది. ఆ అరచేతుల్లో తలుపులు ఏనాడో మొండికేశాయి, పైగా కాయలు కట్టిన చర్మం. పక్కటెముకల మీది చర్మం ఎప్పుడు మిరపకాయ తొడిమ తీసింది కనక? ఇది నాకు తెలుసు. బాగా తెలుసు! నోరు తెరిచేలోపే అయిపోయింది.

కాసేపటికి కేక. "ఓరి నాయనో, ప్రభువా, కాలిపోతందే!"

నేను పరుగెత్తి కుళాయి తిప్పి, బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మరించాను. డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళు, మిట్టమధ్యాహ్నం, చెయ్యి పెట్టలేనంత వేడి. కారానికీ వేడికీ ఒకటే తలుపని నాలుగేళ్ళుగా రాస్తున్న మహాతల్లిని నేనే! పెద్దమ్మ మంచం మీంచి ఒక్క గెంతు గెంతింది.

"నీ చదువు తగలెయ్య! నీళ్ళు గాదే, ఆముదం తే!"

ఆముదం రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగి, కుండలోని చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ వేశాం. కోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చేతులకు చేసుకునేది అదే. గంటకు గానీ నెమ్మదించలేదు. ఈలోగా ఎదురింటామె వచ్చింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఆమెకు నా డాక్టరేటు గురించి చెప్పి పకపకా నవ్వింది. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గేసింది, భయమేసింది.

ఇక ఆ ట్యూబు పెంటకుప్ప మీదికే అనుకున్నాను. పెద్దమ్మ మూడు రోజులు ఆగింది, చర్మం ఎర్రదనం పోయాక నన్ను పిలిచింది.

"రావే, నువ్వే రాయి. నీ గ్లౌజులు నువ్వే తొడుక్కో. నాకు పాటకి పోవాలనుంది."

శనగగింజంతే రాశాను. పళ్ళు బిగపట్టింది. నేను వెళ్ళిపోయాక తనే రాసుకుంది, ఈసారి గ్లౌజులతోనే. రోజూ ఫోన్లో "ఇయ్యాల మంట నిన్నటంత లేదు" అనేది. నాలుగు వారాలకు మళ్ళీ వచ్చాను. ఆదివారం పొద్దున ఆమె జాకెట్టు తొడుక్కుని, ఒక్కొక్క హుక్కూ మెల్లగా పెట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. చర్చిలో పాట ఎత్తుకుంది. అందరూ ఆమె వెనకే వచ్చారు.

బయటికొచ్చాక, అలవాటు కొద్దీ నేను ఆమెకు నొప్పి లేని కుడి పక్కనే నిలబడ్డాను. ఆమె నా చెయ్యి పట్టి ఎడమ పక్కకు లాక్కుని గట్టిగా హత్తుకుంది. ఒళ్ళు కొంచెం బిగుసుకోవడం నాకు తెలిసింది.

"ఇంకా ఉందా పెద్దమ్మా?"

"కాస్త ఉందిలే. ఉంటే ఉండనీ" అంది, నన్ను వదలకుండా.