కుండలు మార్చిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో పక్కవాళ్ళని చూసి కుళ్ళుకోవడానికి తీరికెక్కడిది అంటారు మా ఈడువాళ్ళు. నాకు మాత్రం బోలెడంత ఉండేది. తొంభైల్లో ఆత్రేయపురం దగ్గర ఒక ఊరికి కొత్త కోడలిగా వచ్చాను. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని పూతరేకులు తీయడం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీదుగా ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు లేచి వస్తుంది. నేను అక్కా అని పిలిచే మా తోడికోడలికి అలాగే వచ్చేది. నాకు చిరుగులైనా వచ్చేవి, అట్లైనా వచ్చేవి. (మా ఆయన మాత్రం వాటిని మెచ్చుకుంటూ తినేవారు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ అబద్ధం ఇప్పటికీ తియ్యగా గుర్తుంది.)

ఒకరోజు మా వీధిలోని తెలుగు మాస్టారు మనవరాలి పెళ్ళి సారెకి పూతరేకులు చెప్పడానికి వచ్చారు. సారె వియ్యాలవారి ఊరు వెళుతుంది, రేకులు తీసిందెవరని అక్కడ అందరూ అడుగుతారు. ఆ పేరు నాది కావాలని నా ఆశ. అత్తయ్యగారేమో అక్కని కుండ దగ్గర కూర్చోమని, నన్ను చుట్టమన్నారు. ఊరుకోలేక నోరు విప్పాను.

"అక్క రేకు మరీ పల్చనండి మాస్టారూ. దారిలోనే పొడైపోద్ది. నాదైతే గట్టిగా ఉంటదండి."

"కుళ్ళు," అన్నారు అత్తయ్యగారు.

మాస్టారికి పాఠం దొరికింది. అరుగు మీద సర్దుకు కూర్చున్నారు. "కుళ్ళంటే పండులో లాగా లోపల్లోపల పాకేదండి. ఈ అమ్మాయిది పైకే కనపడుతోంది. కన్ను కుట్టిందనొచ్చు, చూసిన చోటే నొప్పి కాబట్టి."

"ఓర్వలేనితనమనండి, సరిపోద్ది," అన్నారు అత్తయ్యగారు.

"అది ఓర్చుకునే సత్తువ లేకపోవడమండి. ఈ అమ్మాయి, వాళ్ళక్క రేకు పల్చగా ఉండటమే తప్పంటోంది చూశారా, ఎదుటివాళ్ళ గొప్పలోనే వంక వెతకడం, దాన్ని అసూయ అన్నారు పెద్దలు."

నాకు సంతకం వరకే వచ్చు. ఇన్ని పేర్లున్నాయంటే నాది పెద్ద జబ్బే అనుకున్నాను.

మాలో ఎవరి కుండ వాళ్ళదే. కొన్న కుండని రోజుల తరబడి నూనెగుడ్డతో తుడుస్తూ, కాలుస్తూ మచ్చిక చేసుకోవాలి. గొప్పంతా అక్క కుండలోనే ఉందని నాకు తోచింది. సారె పని మర్నాడు మొదలు. ఈలోగా పది మంచి రేకులు తీసి చూపిస్తే అత్తయ్యగారు మనసు మార్చుకోరా? మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే కుండలు మార్చేశాను.

సాయంత్రం ఇద్దరం పొయ్యిల ముందు కూర్చున్నాం. నా మొదటి రేకు కుండకి అతుక్కుపోయింది, వేలు కాలింది. అక్క రేకులు కూడా రెండు చిరిగాయి. ఆమె కుండని చూసింది, నన్ను చూసింది, నూనెగుడ్డతో ఒకసారి తుడిచి చెయ్యి కాస్త నిదానించింది. మూడో రేకు పట్టుగుడ్డలా లేచింది. నా కుండ మీద అంత అందమైన రేకుని నేనెప్పుడూ చూడలేదు.

"నా కుండకి ఎడంపక్క చిన్న సొట్టుంది చెల్లీ," అంది మెల్లగా. "అక్కడ గుడ్డ తేల్చి లాగాలి. అడిగి తీసుకుంటే చెప్పేదాన్ని కదే." అత్తయ్యగారికి మాత్రం చెప్పలేదు. నేను తలెత్తలేకపోయాను.

సారె రేకులు అక్కే తీసింది. నేను నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, నోరు మూసుకుని చుట్టాను. తీసుకెళ్ళడానికి వచ్చిన మాస్టారి భార్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఒక్క అంచూ చిట్లలేదు. చుట్టిందెవరమ్మా?"

"మా చెల్లండి," అంది అక్క. పైటకొంగు మెలిపెడుతూ, "చుట్టడంలో ఏముందిలెండి, రేకు బాగుంటే ఎవరు చుట్టినా అలాగే వస్తది," అంది.

వెనకాల నిలబడ్డ మాస్టారు మీసాల చాటున నవ్వారు. నాకైతే గుండెల మీద బరువు దిగిపోయింది. అమ్మయ్య, అక్కకీ ఉంది ఆ జబ్బు! అంతవరకూ దేవతలా భయపెట్టిన మనిషి ఆ క్షణాన నా సాటి ఆడదయింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. తోడబుట్టిందానిలా చూసుకున్న మనిషి చిన్నబోతే సంబరపడిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తిడదామని నోరు తెరుస్తాను, నవ్వే వస్తుంది.