ఎత్తిన చెయ్యి

డెబ్బై నాలుగేళ్ల ఎర్నెస్టీన్ టోలివర్ ప్రతి గురువారం తన వారపత్రిక కట్టల్ని మెంఫిస్‌లో నల్లవాళ్ల పేటలోని క్షౌరశాలలకు తనే మోసుకొస్తుంది. నల్లవాళ్లను కొట్టి చంపిన గుంపుల పేర్లు అచ్చేసినందుకు ఒకప్పుడు తెల్లవాళ్లు ఆమె నాన్న ప్రెస్సును తగలబెట్టారు. రెండు వారాల కిందట ఆయన పేరు వీధికి పెడుతూ కౌన్సిలర్ డెవెరో ఆయన ధైర్యాన్ని తెగ పొగిడాడు. ఆమె చెవి వెనకున్న పెన్సిలు తీసి, చెయ్యెత్తి, "లాకప్పు చావు వీడియో బయటపెట్టొద్దని ఎందుకు ఓటేశావు నాయనా?" అంది. "ఈరోజు పండగ కదా ఆంటీ," అని నవ్వి మైకు తీయించేశాడు.

ఈ గురువారం క్షౌరశాల అద్దానికి అతని ఎన్నికల కరపత్రం అంటించి ఉంది. అందులో ఎత్తిన చేత్తో ఆమె ఫొటో, కింద 'పెద్దావిడ దీవెన మనకే' అని.

"ఫొటో బాగా పడిందక్కా," అన్నాడు క్షురకుడు క్లీటస్. "ఇంతకీ ఆరోజు ఏమడిగావు?"

పోయిన వారం పత్రిక మొదటి పేజీ నిండా అదేగా అనబోయి ఆమె కిందికి చూసింది. ఆ వారం కట్ట తాడైనా విప్పకుండా కుర్చీ పక్కనే పడి ఉంది.